ఓడ దిగని చట్టం

24 మార్చి 2025, సోమవారం

“ఈ అండమాన్ ద్వీపాల్లో ఎస్సీలే లేరు కదా మేడమ్, ఎస్సీ, ఎస్టీ చట్టం కింద కేసు ఎలా కట్టమంటారు?”

పోలీసు స్టేషన్లో అధికారి ఈ మాట విసుక్కుంటూ అనలేదు. వదినకి కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, నెమ్మదిగా హిందీలో చెప్పాడు. నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది అదే. కసిరి పంపితే పోట్లాడవచ్చు. కానీ కాగితం ప్రకారం ఆయన చెప్పింది నిజం.

జరిగింది నిన్న పొద్దున. ధనిఖారి డ్యామ్ అడుగంటే రోజులివి. మా వీధికి మూడు రోజులకోసారి నీళ్ళు వదులుతున్నారు. వేకువనే బిందెలు, జెర్రీకేన్లు వరసలో పెట్టి జనం నిలబడతారు. వదిన అంటే పక్క వాటాలో ఉండే మనిషి, పలాస దగ్గరి పల్లె నుంచి వచ్చింది. భర్త హడ్డో వార్ఫులో కూలి పని చేస్తాడు. తన వంతు వచ్చి బిందె కుళాయి కింద పెట్టబోతుంటే వెనక నిలబడ్డావిడ దాన్ని కాలితో పక్కకి తోసింది. “ముందు మేం పట్టుకున్నాక నువ్వు పట్టుకో. నువ్వు ముట్టాక కుళాయి కడుక్కోవాల” అంది. ఆపైన కులం పేరు పెట్టి ఒక మాట. ఆ మాట ఇక్కడ రాయను. అన్నావిడ తెలుగావిడే, వదిన వాళ్ళ పక్క మండలమే. వరసలో బెంగాలీలు, తమిళులు, రాంచీ వాళ్ళు అందరూ ఉన్నారు. సగం మందికి మాట అర్థం కాలేదు. కాలితో తన్నడం మాత్రం అందరికీ అర్థమైంది.

వదిన ఖాళీ బిందెతో నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. “పద్నాలుగేళ్ళయింది వదినా, ఈ ఊర్లో ఆ మాట ఇన్నది ఇదే తొలిసారి. ఆళ్ళకి మన సంగతి ఎలగ తెలిసిందంతావు?” అని అడిగింది.

ఎలా తెలుస్తుందో నాకు తెలుసు. ఇంటిపేరు అడుగుతారు. తర్వాత ఊరు, ఊళ్ళో ఏ వీధి, వీధికి ఏ పక్క. నాలుగో ప్రశ్న అక్కర్లేదు.

స్టేషన్లో రాసుకున్నది భారతీయ న్యాయ సంహిత 352వ సెక్షన్, శాంతిభంగం అయ్యేలా కావాలని అవమానించడం. ఇది పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయగల నేరం కాదు. మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉంటే తప్ప అడుగు కదలదు. జనరల్ డైరీలో ఒక నంబరు వేసి చీటీ ఇచ్చారు. వదిన దాన్ని మడిచి కొంగున కట్టుకుంది.

26 మార్చి, బుధవారం

వకీలు గారి దగ్గర గుమాస్తాగా ఇన్నేళ్ళు పనిచేశాను. ఈ ముక్క నాకు తెలియనిది కాదు. అయినా ఈ రోజు కూర్చుని మొదటి నుంచి చదివాను, వదినకి చెప్పాలి కనుక.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో చేశారు, 1990 జనవరి 30 నుంచి అమల్లోకి వచ్చింది. నలుగురు చూసే చోట కులం పేరుతో దూషిస్తే, అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా శిక్ష. 2015 సవరణలో ఇంకా వివరంగా రాశారు. బావి, చెరువు, ఏరు అంటూ పేర్లు చెబుతూ నీటి కుళాయిని కూడా పేరు పెట్టి చేర్చారు. అందరితో సమానంగా వాడుకోనీకుండా అడ్డుకోవడం నేరం. వదినకి జరిగింది అక్షరాలా ఇదే.

కానీ షెడ్యూల్డ్ కులం అంటే ఎవరన్నదానికి ఆ చట్టం రాజ్యాంగం వైపు చూపిస్తుంది. 366వ అధికరణం నుంచి 341కి వెళ్ళాలి. 341 ప్రకారం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రపు జాబితా, ఏ కేంద్రపాలిత ప్రాంతానికి దాని జాబితా. అండమాన్ నికోబార్‌కి ఎస్టీ జాబితా 1959లో వచ్చింది. అండమానీయులు, జారవాలు, ఓంగీలు, సెంటినలీయులు, షోంపెన్లు, నికోబారీలు అందులో ఉన్నారు. ఎస్సీ జాబితా ఈనాటికీ లేదు. లక్షద్వీప్‌కి లేదు, నాగాలాండ్‌కి లేదు, మాకూ లేదు. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాల మొత్తం జనం 3,80,581. అందులో ఎస్సీలు సున్నా.

తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు నూటికి 13 మందికి పైనే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పల్లెల నుంచి రోడ్డు పనికి, ఓడ పనికి, చేపల వేటకి వచ్చినవాళ్ళూ వాళ్ళ పిల్లలూ. వీళ్ళలో ఏ మాలపల్లె నుంచీ, ఏ రెల్లి వీధి నుంచీ ఎవరూ రాలేదని ఆ సున్నా చెబుతోంది. విశాఖలో ఓడ ఎక్కిన మనిషి రెండున్నర రోజుల సముద్రం దాటి హడ్డోలో దిగేసరికి, చట్టం లెక్కలో ఆవిడ కులం లేనిదైపోతుంది. కుళాయి దగ్గర మాత్రం కాదు.

30 మార్చి, ఆదివారం, ఉగాది

నాన్న ఉండగా ఉగాది పచ్చడి మా ఇంటి నుంచి వీధంతా వెళ్ళేది. బెంగాలీ మాసీకి, కేరళ చేచికి, లోకల్ బార్న్ కుటుంబానికి కూడా. ఆయనకి అందులో ఎంతో సంతోషం ఉండేది. ఆ సంతోషం ఎక్కణ్ణుంచి వచ్చిందో చిన్నప్పుడు నాకు తెలియదు.

ఆయన సోంపేట వైపు మాలపల్లె నుంచి పీడబ్ల్యూడీ మజ్దూరుగా వచ్చాడు. ఊళ్ళో టీ కొట్టు బయట గ్లాసు తనే కడిగి బోర్లించి వచ్చే మనిషి, ఇక్కడి అబర్డీన్ బజారులో బల్ల మీద కూర్చుని, అందరికీ ఇచ్చే గ్లాసులోనే టీ తాగాడు. ఆ మొదటి టీ గురించి ఎన్నిసార్లు చెప్పేవాడో. “ఈ నేల మీద మనకి కులం లేదమ్మా. ఎవులడిగినా ఊరి పేరు సెప్పు, అంతే” అనేవాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. సెల్యులర్ జైలు కట్టకముందు నుంచే ఇది ఖైదీల నేల. శిక్ష ముగిశాక ఇక్కడే కాపురాలు పెట్టిన మగా ఆడా, కులాలూ మతాలూ కలిసిపోయి పెళ్ళిళ్ళు చేసుకున్నారు. 1942కి ముందు నుంచీ ఉన్న ఆ లోకల్ బార్న్ కుటుంబాల్లో తాతల కులం అడిగితే నవ్వుతారు. ఈ ద్వీపాలు మనిషికి ఊపిరి ఆడనిచ్చాయి. దాన్ని నేను తక్కువ చేయను. నేను చదువుకోగలిగింది, ఈ గుమాస్తా బల్ల దగ్గర కూర్చోగలిగింది ఆ ఊపిరి వల్లనే.

కానీ పాత కుటుంబాల సంగతి వేరు, తర్వాత ఓడ ఓడకీ వచ్చిన మా సంగతి వేరు. మేం గుంపులుగా వచ్చాం. ఊరి వాళ్ళు ఊరి వాళ్ళని పిలుచుకున్నారు, పెళ్ళి సంబంధాలకి మళ్ళీ అదే ఒడ్డుకి వెళ్ళారు. పెళ్ళి మాట వచ్చేసరికి కులం రావలసిందే. వచ్చింది. అద్దె ఇంటికి వచ్చింది, చీటీల పాటలోకి వచ్చింది, మొన్న కుళాయి దగ్గరికి వచ్చింది. “ఇక్కడ కులం లేదు” అన్న మాట నాన్న నోట హాయిగా వినిపించేది. అదే మాట ఆఫీసు బల్ల అవతలి నుంచి వచ్చినప్పుడు ఫిర్యాదుని బయటికి పంపే మాటవుతోంది.

నాన్న ట్రంకు పెట్టెలో తహసీల్దారు ఇచ్చిన కుల ధ్రువపత్రం ఉంది. అడ్డంగా, నిలువుగా మడతలు పడి చిరిగిన కాగితం. ఊరి పేరు చెప్పమన్న మనిషి ఆ కాగితాన్ని మాత్రం పారేయలేదు.

2 ఏప్రిల్, బుధవారం

రాత్రి చాలాసేపు మర్రి చంద్రశేఖరరావు తీర్పు చదివాను. ఆయన తెలుగు కుర్రాడే, తెనాలిలో పుట్టాడు. గౌడు తెగ వాళ్ళని ఆంధ్రలో ఎస్టీగా గుర్తించారు, తండ్రికి ఆ ధ్రువపత్రం ఉంది. 1978లో తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి వెళ్ళారు, అప్పుడు పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. పెద్దయ్యాక సేఠ్ జీఎస్ మెడికల్ కాలేజీలో సీటుకి దరఖాస్తు పెడితే, మహారాష్ట్ర జాబితాలో నీ తెగ లేదన్నారు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990 మే 2న అదే ఖాయం చేసింది. ఒక రాష్ట్రపు జాబితా ఇంకో రాష్ట్రంలోకి వెంట రాదు. 2018లో బీర్ సింగ్ కేసులోనూ ఉద్యోగాల విషయంలో ఆ సూత్రమే నిలబెట్టారు.

ఆ వాదనలో పస ఉంది, కాదనను. ఒక చోట వెనకబడినవాళ్ళు ఇంకో చోట అంత వెనకబడి ఉండకపోవచ్చు. ఇంకో రాష్ట్రం వాళ్ళు వచ్చి స్థానికుల సీట్లు పట్టుకుపోతే అక్కడి వాళ్ళకి అన్యాయం. సీట్లు, ఉద్యోగాలు లెక్క పెట్టి పంచేవి. ఒకరికి ఇస్తే ఇంకొకరికి తగ్గుతుంది.

తిట్టు నుంచి రక్షణ అలాంటిది కాదు. వదిన బిందెని ఎవరూ తన్నకుండా చూస్తే, వరసలో వెనకున్నవాళ్ళకి ఒక్క చుక్క తగ్గదు. ఈ రెండిటినీ ఒకే జాబితాకి కట్టేయడంలోనే మొత్తం తిరకాసు ఉంది.

2023లో బొంబాయి హైకోర్టు ఈ తేడాని పట్టుకుంది. ముగ్గురు న్యాయమూర్తులు రేవతి మోహితే డేరే, భారతీ డాంగ్రే, ఎన్‌జే జమాదార్ కూర్చుని తేల్చారు. ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ అయిన మనిషి దేశంలో ఎక్కడ అత్యాచారానికి గురైనా ఆ చట్టం రక్షణ ఉంటుందన్నారు. మర్రి తీర్పు రిజర్వేషన్ల గురించి, ఇది రక్షణ గురించి అని విడదీశారు. మనిషి ఎక్కడికి వెళ్ళినా కులం ముద్ర కూడా వెళుతుందన్న వాస్తవాన్ని లెక్కలోకి తీసుకున్నారు. చదువుతూ రెండు సార్లు లేచి నడిచాను. నిద్ర రాలేదు.

పొద్దున వకీలు గారికి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి, “మనం కలకత్తా హైకోర్టు కిందున్నాం తల్లీ. బొంబాయి తీర్పు ఇక్కడి జడ్జీకి దారి చూపిస్తుంది, కట్టిపడేయదు. అవతలి వకీలు ఏమంటాడో తెలుసా? శిక్షలు వేసే చట్టాన్ని అక్షరం దాటి చదవకూడదంటాడు. అతనికీ వాదన ఉంది” అన్నారు. ఇక్కడి సర్క్యూట్ బెంచిలో అడగవచ్చు గానీ, సంవత్సరాలు పడుతుందన్నారు.

5 ఏప్రిల్, శనివారం

శ్రీరామనవమి చందా పుస్తకంతో పెద్దలు వచ్చారు. చందా రాశాక లేవలేదు. వదిన సంగతి ఎత్తారు.

“అమ్మా, నువ్వు చదువుకున్నదానివి. ఆవిడ ఏదో కోపంలో అనేసింది. పిలిచి మందలిద్దాం. తెలుగోళ్ళు తెలుగోళ్ళ మీద స్టేషన్‌కెక్కితే హిందీవాళ్ళ ముందు మన పరువేమవుతుంది?”

“మావయ్యగారూ, పిలిచి మందలించండి, కాదనను. నలుగురి ముందు అన్న మాట కనుక నలుగురి ముందే తప్పు ఒప్పుకోమనండి, ఆ కుళాయి దగ్గరే” అన్నాను.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలా అయితే ఆవిడ కాపురం ఏమవుతుందన్నారు. వదిన కాపురం గురించి ఎవరూ అడగలేదు.

వాళ్ళు వెళ్ళాక వదినని పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పాను. కేసు ఆవిడది, అవమానం ఆవిడది, రేపు కుళాయి దగ్గర నిలబడేదీ ఆవిడే. నేను తోయకూడదు. చాలాసేపు కొంగు మెలిపెట్టుకుంటూ కూర్చుంది. “మా పాప ఎనిమిది సదువుతంది. ఆ రోజు నా ఎనకాలే ఉంది, అంతా ఇన్నాది. నానిప్పుడు ఊరుకుంటే అదీ ఊరుకోడం నేర్సుకుంతాది” అంది. రాజీ లేదని తేలింది.

8 ఏప్రిల్, మంగళవారం

మూసిన తలుపు పక్కన ఇంకో తలుపు ఉంది. ఎవరూ తట్టక దానికి బూజు పట్టింది.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఎక్కడ రద్దయింది? దేశమంతా. అందులో జాబితా ఊసు లేదు. దాన్ని అమలు చేయడానికి 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. 1976లో గట్టి చేసి పౌర హక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. నాలుగో సెక్షన్లో ఇక్కడ కూడా నీటి కుళాయి ఉంది. అంటరానితనం కారణంగా ఎవరినైనా అక్కడ అడ్డుకుంటే నేరమే. ఆ “ఎవరినైనా” జాబితాలో ఉండాలని ఆ సెక్షన్ అనదు. పైగా ఈ చట్టంలోని నేరాలన్నీ పోలీసులు నేరుగా కేసు కట్టగలిగినవే.

లోపాలు కూడా ఉన్నాయి, వదినకి దాచకుండా చెప్పాను. బాధితురాలు ఎస్సీ అయితే, నేరం అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు ముందుగా అనుకుంటుంది, కాదని చూపే బరువు అవతలివాళ్ళ మీద పడుతుంది. ఇక్కడ వదిన ఎస్సీ కాదు కనుక ఆ వెసులుబాటు రాదు, మనమే నిరూపించాలి. కులం పేరుతో అవమానించడం గురించిన సెక్షన్‌లో మళ్ళీ షెడ్యూల్డ్ కులం అన్న షరతు ఉంది. అంటే తన్నిన బిందెకి కేసు ఉంటుంది, అన్న మాటకి ఉండదు. శిక్ష నెల నుంచి ఆరు నెలలు, జరిమానా వంద నుంచి అయిదు వందల రూపాయలు. ఈ రోజుల్లో వంద రూపాయలకి ఇక్కడ కిలో చేప కూడా రాదు.

1989 చట్టం కింద అయితే డీఎస్పీ హోదా అధికారి దర్యాప్తు చేయాలి, గడువు 60 రోజులు. నిందితులకి ముందస్తు బెయిలు ఉండదు. బాధితులకి ప్రభుత్వం సాయం ఇవ్వాలి. విధి నిర్వహించని అధికారికి కూడా శిక్ష ఉంది. అవేవీ ఈ తలుపులో లేవు.

అయినా వదిన తరఫున అర్జీ టైపు చేశాను. ఏ తేదీ, ఎన్ని గంటలు, కుళాయి ఎక్కడ, వరసలో ఎవరెవరు, బిందె ఏ కాలితో తన్నారు, ఏ మాట అన్నారు. ఆ మాట అర్జీలో తెలుగు లిపిలో ఉన్నది ఉన్నట్టు రాశాను, పక్కన హిందీలో అర్థం. చేతులు వణికాయి. కోర్టు కాగితం మీద మాట ఉండాలి, లేకపోతే జరగనట్టే.

14 ఏప్రిల్, సోమవారం, అంబేడ్కర్ జయంతి

హైదరాబాద్ వార్తలు చూశాను. తెలంగాణలో 59 ఎస్సీ కులాలని మూడు గుంపులుగా వర్గీకరిస్తూ ఈ రోజే ఉత్తర్వు ఇచ్చారు. ఆంధ్రలో కూడా అదే పని నడుస్తోంది. మాదిగలు ముప్పై ఏళ్ళు చేసిన పోరాటం అది, న్యాయమైనది. అక్కడ జాబితాలో ఎవరి వాటా ఎంతో లెక్క కడుతున్నారు. ఇక్కడ జాబితా కాగితమే లేదు. ఒకే ఊరి అక్కాచెల్లెళ్ళలో ఒకరు పలాసలో ఉంటే చట్టం కళ్ళకి కనబడతారు, ఇంకొకరు ఇక్కడి డెలానీపూర్‌లో ఉంటే కనబడరు.

సాయంత్రం వదిన కూతురికి కారంచేడు సంగతి చెప్పాను. ఎనిమిదో తరగతి పిల్లకి చెప్పదగినంత. 1985 జులై 16. దళితులు తాగే చెరువు దగ్గర ఆసామి కుర్రాళ్ళు గేదెలని కడిగి నీళ్ళు మురికి చేస్తుంటే అదేమని అడిగారు. ఆ కుర్రాళ్ళు కొట్టబోతే మున్నంగి సువార్త అనే ఆవిడ చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు మాదిగ పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు చీరాలలో తలదాచుకున్నారు. ఆ దుఃఖంలోంచే దళిత మహాసభ పుట్టింది. దాని నాయకులు కత్తి పద్మారావు, బొజ్జా తారకం ఊరూరా తిరిగారు. దేశంలో అలాంటి ఘోరాలు ఇంకా ఉన్నాయి, ఆ ఒత్తిళ్ళన్నీ కలిస్తేనే 1989 చట్టం వచ్చింది. కానీ మన భాష మాట్లాడే ఒక ఆడమనిషి ఎత్తిన నీళ్ళ బిందె ఆ చట్టం వెనక ఉంది. కుళాయి అన్న మాట అందులోకి ఊరికే రాలేదు.

“మరి ఆ చట్టం వచ్చాక ఆగిపోయాయా అత్తా?” అని అడిగింది పిల్ల.

లేదని చెప్పాను. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. పోరాడి ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. చట్టం ఉన్నచోట కూడా ఇంత కష్టమైతే అది లేనిచోట ఎలా ఉంటుందో ఆ పిల్లే ఆలోచించుకుంది. నేను ముగింపు చెప్పలేదు.

19 ఏప్రిల్, శనివారం

సియాటిల్ నుంచి పెద్దమ్మ మనవడు ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ళ నగర కౌన్సిలు 2023 ఫిబ్రవరిలో వివక్ష నిషేధ చట్టంలో కులాన్ని చేర్చింది. అమెరికాలో అలా చేసిన మొదటి ఊరు అదే. కౌన్సిలు సభ్యురాలు క్షమా సావంత్ తెచ్చిన ప్రతిపాదన అది. వాడు ఆ రోజు హాలు బయట చలిలో నిలబడ్డాడట. అక్కడ కూడా “ఇంటిపేరేంటి, ఊళ్ళో ఎటువైపు” అని అడిగేది తెలుగువాళ్ళే కనుక.

కాలిఫోర్నియాలో అదే ఏడు రెండు సభలూ బిల్లు ఆమోదించాక గవర్నరు న్యూసమ్ అక్టోబరులో వెనక్కి పంపేశాడు. ఉన్న చట్టాలే చాలునని ఆయన వాదన. నాకు మా స్టేషన్ గుర్తొచ్చింది. 352 ఉంది కదా, అది చాలదా? చాలదు. బిందె తన్నడం ఒక నేరం. నువ్వు ఫలానా కులం కనుక తన్నాను అనడం ఇంకో నేరం. రెండోది ఒక్క మనిషికి తగిలేది కాదు, వరసలో నోరు మూసుకుని నిలబడ్డ ఆ కులపు ప్రతి మనిషికీ తగులుతుంది. నేను ఆ వరసలో లేను, అయినా తగిలింది.

ఈ తేడాని మన కొత్త న్యాయ సంహిత గుర్తించింది గానీ ఎక్కడ? 103వ సెక్షన్లో. అయిదుగురు లేక అంతకన్నా ఎక్కువ మంది కలిసి కులం, జాతి, పుట్టిన చోటు, భాష వంటి కారణాలతో హత్య చేస్తే దానికి వేరే ఉపసెక్షన్ పెట్టారు. తీవ్రంగా గాయపరిస్తే 117లో ఉంది. అంతకు ముందు మెట్ల మీద, తిట్టు దగ్గర, వెంటపడటం దగ్గర, ఇల్లు ఇవ్వకపోవడం దగ్గర ఆ కారణాలు ఆ సంహితకి కనిపించవు. 2014లో ఢిల్లీలో అరుణాచల్ కుర్రాడు నీడో తానియా జుట్టుని వెక్కిరించడంతో మొదలై చావుతో ముగిసింది. ఆ తర్వాత బెజ్‌బరూవా కమిటీ వేశారు. జాతి పేరుతో అవమానించడాన్ని శిక్షాస్మృతిలో వేరే నేరంగా చేర్చమని అది సిఫారసు చేసింది. పదేళ్ళు దాటి, శిక్షాస్మృతి మొత్తం మార్చి రాశారు. ఆ సెక్షన్ రాలేదు. అమెరికాలోని కాన్సస్‌లో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ని 2017లో కాల్చి చంపినవాడు కూడా ముందు బారులో మాటలతోనే మొదలుపెట్టాడు. అక్కడ ఫెడరల్ కోర్టు అది ద్వేష నేరమని పేరు పెట్టి శిక్ష వేసింది. పేరు పెట్టడానికి అక్కడ ఒక చట్టం ఉంది.

25 ఏప్రిల్, శుక్రవారం

కేసు కట్టారు. పౌర హక్కుల చట్టం నాలుగో సెక్షన్, దానితో పాటు 352. స్టేషన్లో అదే మనిషి ఆ చట్టం పుస్తకం తెప్పించి, నా ముందే చదివి, “ఇది పెట్టవచ్చు మేడమ్” అన్నాడు. మనసులో దండం పెట్టుకున్నాను.

సాక్షులు కావాలి. తెలుగువాళ్ళలో ఒక్కరూ ముందుకి రాలేదు. “మేం చూడలేదు”, “మా బిందె ముందే నిండిపోయింది”. ఆ పూట అక్కడ ఉన్నవాళ్ళే ఈ మాటలు చెప్పింది. వాళ్ళనీ ఎక్కువ అనలేను, అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళు.

వచ్చింది రాంచీ దీదీ. మా వీధి చివర ఉంటుంది, ఇళ్ళలో పని చేస్తుంది. పోలీసు కుళాయి దగ్గరికి వచ్చి అడుగుతుంటే ఎవరూ పిలవకుండానే బకెట్టు కింద పెట్టి వచ్చింది. “మాట నాకు తెలియదు. కాలు చూశాను. ఎలాంటి మనిషిని కాలితో తన్నవచ్చో వాళ్ళ మొహంలో చూశాను, నన్నూ అలా చూస్తారు” అని హిందీలో చెప్పి, వేలిముద్ర కాదు, సంతకం పెట్టింది.

దీదీ వాళ్ళు ఉరావులు. 1918 నుంచి ఛోటానాగ్‌పూర్ కూలీలని అడవులు కొట్టడానికి ఇక్కడికి తెచ్చారు. ఉరావులు, ముండాలు, ఖరియాలు అందరినీ కలిపి రాంచీ వాళ్ళనేశారు. ఈ రోడ్లు, ఈ జెట్టీలు వాళ్ళ ఒంటి చెమట. జార్ఖండ్‌లో వాళ్ళు ఎస్టీలు. ఇక్కడి ఎస్టీ జాబితాలో వాళ్ళు లేరు. నూరేళ్ళు దాటినా లేరు. దీదీని ఎవరైనా అదే కుళాయి దగ్గర తెగ పేరు పెట్టి తిడితే 1989 చట్టం ఆమెకీ రాదు. అంటరానితనం కేసు కాదు కనుక, మాకు దొరికిన ఈ పక్క తలుపు కూడా ఆమెకి దొరకదు.

3 మే, శనివారం

వకీలు గారూ నేనూ కూర్చుని కేంద్ర సామాజిక న్యాయ శాఖకి అర్జీ రాశాం. ఒక ప్రతి ఇక్కడి ఎంపీకి, ఒకటి ఎస్సీ కమిషన్‌కి, ఒకటి ఎస్టీ కమిషన్‌కి. పెద్ద కోరిక కాదు. అండమాన్‌కి ఎస్సీ జాబితా కావాలని మేం అడగలేదు. అది అడిగితే సీట్లు, ఉద్యోగాలు, ఓబీసీ కోటాలో ఉన్న బెంగాలీ వలస కుటుంబాలు, లోకల్ బార్న్‌లు, కరెన్‌లు అందరి లెక్కలూ లేస్తాయి. ఆ మాట వేరే రోజు, వేరే చోట తేలవలసినది. మేం అడిగింది 1989 చట్టం రెండో సెక్షన్‌కి ఒక్క వాక్యం కలపమని. ఏ రాష్ట్రంలోనైనా, కేంద్రపాలిత ప్రాంతంలోనైనా షెడ్యూల్డ్ కులానికో తెగకో చెందిన మనిషి, ఆ మనిషి పిల్లలు, దేశంలో ఎక్కడ ఉన్నా ఈ చట్టం ఇచ్చే రక్షణ కోసం ఆ కులం, ఆ తెగ వాళ్ళుగానే లెక్క. బొంబాయి న్యాయమూర్తులు చెప్పినదాన్నే పార్లమెంటు తన అక్షరాల్లో రాస్తే, ఏ స్టేషన్లోనూ జాబితా వెతకనక్కర్లేదు.

“పిల్లలు” అన్న మాట నేను పట్టుబట్టి చేర్పించాను. వదిన కూతురు ఇక్కడ పుట్టింది, పలాస చూడలేదు. నాన్న ధ్రువపత్రం నా పేరుకి రానట్టే, వదినది ఆ పిల్లకి వస్తుందన్న నమ్మకం లేదు. తిట్టు మాత్రం ఆ పిల్లకి ఏ ధ్రువపత్రం లేకుండానే వస్తుంది.

అర్జీ మీద వదిన సంతకం పెట్టింది, పిల్ల కూడా పెడతానంది. మైనరు సంతకం లెక్కకి రాదని వకీలు గారు అంటే, “ఉండనీండి బాబూ, ఆళ్ళు చూసుకుంతారు” అంది వదిన. ఉంచాం. రామనవమి పెద్దల్లో ఒకాయన చీకటి పడ్డాక వచ్చి, ఎవరికీ చెప్పవద్దంటూ తన కొడుకు పేరు రాయించి వెళ్ళాడు. ఆయనది కూడా మా వైపు వీధేనని ఈ రోజే తెలిసింది.

రాంచీ దీదీ సంతకం ఇంకా తీసుకోలేదు. సోమవారం పని నుంచి వచ్చేసరికి చీకటి పడుతుందంది. ఎస్టీ కమిషన్ ప్రతిలో వాళ్ళ సంగతి ఒక పేరాలో కుదించాను. దాన్ని విడదీసి, 1918 నుంచి మొదలుపెట్టి, ఆమె చేత చెప్పించుకుని ఈ రెండు రోజుల్లో పూర్తిగా రాయాలి.